దూడలకు చెప్పిన పాఠాలు

తెల్లవారుతూనే ఒడెట్ బెటెన్‌కోర్ట్ చేసే మొదటి పని పాలసీసాలు నింపడం. గోరువెచ్చటి పాలు నింపిన సీసాలని చక్రాల బండిలో పేర్చుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, దూడల వరసల వైపు తోసుకుంటూ పోతుంది. తెల్లటి ప్లాస్టిక్ గూళ్ళు, గూటికొక దూడ. వేసవిలో అయితే బండి చప్పుడు వినగానే అన్నీ మెడలు చాచి గోల పెడతాయి. శీతాకాలంలో అలా కాదు. పొగమంచు దిగిందంటే చాచిన చెయ్యి చాచినవాళ్ళకే కనబడదు. నిన్నగాక మొన్న పుట్టిన దూడకి సీసా ఎక్కడుందో, తల్లి ఎక్కడుందో, అసలు తనెక్కడుందో తెలియక గూటి మూలకి నక్కి వణుకుతూ ఉంటుంది. దాన్ని ఇవతలికి రప్పించేది గొంతు ఒక్కటే. ఎవరో ఒకరు ఆగకుండా మాట్లాడుతూ ఉండాలి.

మా హార్లన్ ఊళ్ళో వచ్చిన చిక్కల్లా అదే. మంచులో అన్న మాట మంచులోనే ఉండిపోతుంది. మళ్ళీ మంచు దిగినప్పుడు, ఆ వారమే కావచ్చు, పదేళ్ళ తర్వాత కావచ్చు, ఎక్కడ అన్నది అక్కడే, అన్నవాళ్ళ గొంతుతోనే వినబడుతుంది. ఏది ఎప్పుడు వినిపించాలన్నది దాని ఇష్టం. అందుకని మావాళ్ళు చలికాలమంతా ఆరుబయట నోరు విప్పరు. చెయ్యి ఊపుతారు, తల ఆడిస్తారు, మరీ అవసరం పడితే కారెక్కి అద్దాలు బిగించుకుని మాట్లాడుకుంటారు. ప్రేమలో పడ్డవాళ్ళు మాత్రం పనిగట్టుకుని కాలవగట్టుకి పోయి కబుర్లాడుకుంటారు. తర్వాత పెళ్ళి ఇంకొకళ్ళతో అయితే ఆ గట్టు ఛాయలకే పోరు. ఒకసారి ఎన్నికలకి నిలబడ్డ పెద్దమనిషి ఎవరో పై ఊరినుంచి వచ్చి, పోస్టాఫీసు ముందు మంచులో నిలబడి గొంతు చించుకుని పోయాడు. పాపం, ఆయన వాగ్దానాలు ఇప్పటికీ ఏటా వినబడతాయి. స్టాంపులు కొనుక్కోడానికి వచ్చినవాళ్ళు విననట్టే లోపలికి పోతారు. మంచులో ఏం వినబడ్డా పైకి అనకూడదు, అది మా మర్యాద.

ఒడెట్ వాళ్ళ పెరటి మెట్ల దగ్గర ఆమె తల్లి మాట ఒకటుంది. తల్లి పోయి చాలా ఏళ్ళయింది. "ఒడెట్, చెవులు కప్పుకోవే!" అని అరుస్తుంది. ఇరవై నాలుగేళ్ళ ఒడెట్, సీసాల బండి ఆపి, టోపీ చెవుల మీదికి లాక్కుంటుంది. ఎన్నిసార్లు విన్నా లాక్కుంటుంది. అప్పటికే కప్పుకుని ఉన్నా సరే, ఇంకొంచెం లాక్కుంటుంది.

దూడల పని మొదట్లో అన్నయ్య ఎల్వీనోది. వాడికి మంచులో మాట్లాడటం ఇష్టం లేక ఈల వేసేవాడు. ఆ ఈలకి దూడలు పాలు తాగడం మాట అటుంచి, గూళ్ళు దూకి పారిపోయేవి. అప్పుడు ఒడెట్ రంగంలోకి దిగింది. మొదటిరోజు ఏం మాట్లాడాలో తోచక "రా, బంగారూ, రా" అనే పాట పాడింది. ఎంతసేపని అంటుంది? ఆ మధ్యాహ్నం కాలేజీలో పరీక్ష ఉంది. సరే, చదువుకున్నట్టూ ఉంటుందని పాఠం ఒప్పజెప్పడం మొదలుపెట్టింది. దూడ చెవులు రిక్కించి, తడిముక్కు ముందుకి తోసి, సీసా అందుకుంది. అదిగో, అలా మొదలైంది.

రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీ చదువు ఒడెట్‌కి అయిదేళ్ళు పట్టింది. పొద్దున దూడలు, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం మళ్ళీ దూడలు. ఒక్కో టర్ములో రెండు క్లాసులు, ఆవులు ఎక్కువగా ఈనే నెలల్లో ఒకటే క్లాసు. అయిదు శీతాకాలాల పాటు దూడలకి చెప్పని పాఠం లేదు. భిన్నాలు చెప్పింది. ఆవుకి ఎన్ని పొట్టలో, ఒక్కోదాని పనేమిటో చెప్పింది, అది తమ గురించే అని వాటికి తెలియకపోయినా. అన్నిటికంటే ఎక్కువ చెప్పింది సంభావ్యత గురించి. ఏది జరగొచ్చు, ఎంత జరగొచ్చు అని లెక్కగట్టే ఆ విద్య గరబేడియన్ మాస్టారి క్లాసులో పరిచయమైంది మొదలు ఒడెట్ ఇంకో లోకంలో పడిపోయింది. అది చదువుకోవాలంటే కొండల అవతల సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద యూనివర్సిటీకి పోవాలి. ఆ యూనివర్సిటీ మాలాంటి కాలేజీల నుంచి ఏటా తీసుకునేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కిందటేడు ఒడెట్ దరఖాస్తు పెట్టింది. కాదన్నారు. అది తెలిసింది ఏప్రిల్లో. ఏప్రిల్లో మంచుండదు కనక ఎవరికీ ఏమీ చెప్పకుండా డిసెంబరు దాకా కడుపులో పెట్టుకుని, మొదటి మంచు దిగిన పొద్దున దూడలతో చెప్పుకుని ఏడ్చింది. చెప్పుకున్నాక మళ్ళీ దరఖాస్తు పెట్టానన్న సంగతి కూడా చెప్పింది. ఈసారి పిలుపొచ్చింది. ఫిబ్రవరిలో యూనివర్సిటీ నుంచి ప్రూయిట్ మేడం అనే ఆవిడ కాలేజీకి వస్తుంది, కూర్చుని మాట్లాడుతుంది, ఆ మాటల మీదే అంతా ఆధారపడి ఉంటుందన్నారు.

"ఏం మాట్లాడమంటారు మాస్టారూ?" అని అడిగింది ఒడెట్.

గరబేడియన్ మాస్టారు మూడు కాలేజీల మధ్య పాతకారు తోలుకుంటూ పాఠాలు చెప్పుకునే మనిషి. భోజనం కూడా కారులోనే. ఒక చలిరోజు పార్కింగులో టైరు పంక్చరైతే ఆయన నోటివెంట ఒక బూతుమాట వచ్చేసింది. ఏటా అది గేటు దగ్గర పిల్లలందరికీ వినబడుతుంది. ఆయన పక్కనుంచి నడుస్తున్నా పిల్లలు నవ్వరు. మర్యాద మర్యాదే.

"ఏముందమ్మాయ్, నీ బుర్రలో ఉన్నది మాట్లాడు. నువ్వు నాతో వాదిస్తావు చూడు, అలా వాదించు చాలు," అన్నాడాయన.

"మీతో అంటే వాదిస్తాను. ఆవిడ ముందు నోరు రావద్దూ?"

"దూడల ముందు వస్తుందిగా?"

"దూడలు మార్కులు వెయ్యవు మాస్టారూ."

ఆ రోజు రానే వచ్చింది. అలాంటి మంచు ఆ ఏడాదిలో మరి పడలేదు. ఒడెట్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పేడ వాసన వస్తుందేమోనని రెండుసార్లు తల రుద్దుకుని, పార్కింగులో నిలబడి ఎదురుచూసింది. ప్రూయిట్ మేడం బాగా ఆలస్యంగా వచ్చింది. పొడుగాటి మనిషి, బూడిదరంగు కోటు, చేతిలో సంచీ. దారంతా కారుని మనిషి నడక వేగంతో నడిపి నడిపి విసిగిపోయి ఉంది.

"ఒడెట్ మీరేనా? అబ్బ, ఇదేం మంచండీ బాబూ! రండి, నడుస్తూ మాట్లాడుకుందాం, ఇప్పటికే ఆలస్యమైంది. చెప్పండి, లెక్కలంటే అంత ఇష్టం ఎలా కలిగింది?"

ఒడెట్ తల ఆడించింది. లోపలికి వెళ్ళాక చెప్తానన్నట్టు తలుపు వైపు చూపించింది.

"ఏం పుస్తకాలు చదువుతుంటారు?"

ఒడెట్ పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆమె ఉద్దేశం, మేడం, ఇక్కడ మాట్లాడకండి, ఉండిపోతుంది అని. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అంతే, మంచులో ఎవరైనా నోరు తెరిస్తే వేలు దానంతటదే పైకి లేస్తుంది. కానీ అటువైపు నుంచి చూస్తే ఎలా ఉంటుంది చెప్పండి? కొండలు దాటి వచ్చిన పెద్దావిడ ప్రశ్న అడిగితే, ఈ పిల్ల నోరు ముయ్యమని సైగ చేసింది.

ప్రూయిట్ మేడం ఆగిపోయింది. "ఈ ఊళ్ళో మనుషులు మాట్లాడరా ఏమిటి?" అని పైకే అనేసింది.

ఆ మాట అక్కడే ఉండిపోయింది.

లోపలికి వెళ్ళి కూర్చునేసరికి ఒడెట్‌కి తల కొట్టేసినట్టయింది. తను చేసిందేమిటో అప్పటికి అర్థమైంది. వివరంగా చెప్దామంటే మాట పెగల్లేదు. మా యూనివర్సిటీకే ఎందుకు రావాలనుకుంటున్నారు అని మేడం అడిగితే, లెక్కలు చదువుకోడానికి అంది. ఇంకా అంటే, అంతే అంది. మీ కాలేజీలో మిమ్మల్ని బాగా ఆలోచింపజేసిన విషయం ఒకటి చెప్పండి అంటే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. చెప్పడానికి లోపల వంద ఉన్నాయి. మేడం గడియారం చూసుకుని, కాగితం మీద ఏదో ఒక్క ముక్క రాసుకుని, మర్యాదగా నవ్వి లేచింది. ఆ నవ్వు చూశాక ఒడెట్‌కి ఇక అడగాల్సిందేమీ లేదనిపించింది.

గదిలోంచి బయటపడి లైబ్రరీ వెనక తన కారులో కూర్చుని, అద్దాలు బిగించుకుని, తనివితీరా తిట్టుకుంది. "మొద్దు మొహమా! అయిదేళ్ళే! అయిదేళ్ళు చదివి అయిదు నిమిషాలు మాట్లాడలేకపోయావా!" ఇంకో దరఖాస్తు పెట్టే ఓపిక లేదు. కాలేజీలో ఇంక మిగిలిన క్లాసులూ లేవు. ఇదే ఆఖరిదని తనకి తెలుసు. దూడల వేళ దాకా అక్కడే కూర్చుని, మొహం కడుక్కుని ఇంటికి బయల్దేరింది.

ఈలోగా కాలేజీ వరండాలో ఏం జరిగిందో ఆమెకి తర్వాతగానీ తెలియలేదు. హైవే మూసేశారు. మంచు అంత చిక్కబడితే పోలీసులు అడ్డంగా కార్లు పెట్టి వచ్చే బళ్ళన్నిటినీ హైవే మీంచి దింపేస్తారు. పక్క కాలేజీకి ఎలా వెళ్ళాలిరా భగవంతుడా అని మేడం దిక్కులు చూస్తుంటే, గరబేడియన్ మాస్టారు ఎదురయ్యాడట. "ఎక్కడికీ వెళ్ళలేరండీ. ఊరి వెనక రోడ్డు పట్టుకుని నెమ్మదిగా పోండి. పెద్ద పాలడెయిరీ వస్తుంది, గుమ్మంలో పచ్చదీపం వెలుగుతుంటుంది. మంచురోజు ఆగిపోయినవాళ్ళకి అక్కడి పెద్దావిడ కాఫీ పోస్తుంది. మంచు పల్చబడేదాకా కూర్చుని వెళ్ళండి" అని చెప్పి పంపించాడట. ఆ డెయిరీ ఎవరిదో మాత్రం చెప్పలేదట. తర్వాత ఒడెట్ నిలదీస్తే, "మరి ఆవిడ అడగలేదుగా?" అన్నాడు.

అలా కాఫీ పొయ్యడం మా దగ్గర రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళందరికీ అలవాటే. ఒడెట్ నానమ్మ ఇదలీనా అయితే మంచు దిగిన పూటల్లా గుడ్లు, వెన్న వేసి తియ్యరొట్టె కాలుస్తుంది. ఎవరూ రాకపోతే అలుగుతుంది కూడా.

ఒడెట్ ఇంటికి వచ్చేసరికి గేటు పక్కన తెలియని కారు ఉంది. ఎవరో దారిలో ఆగిపోయిన మనిషిలే అనుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"ఎవరే నానమ్మా?"

"ఎవరో బక్కపల్చటి ఆవిడే. రెండు ముక్కలు రొట్టె తినమంటే ఒకటే తింది. కాఫీ తాగుతూ కిటికీలోంచి, ఎవరో అమ్మాయి గొంతు వినబడుతోందే, ఎవరితో మాట్లాడుతోంది అని అడిగింది. దూడలతోనే, పోయి విను, ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు అన్నాను. నా చెప్పులే వేసుకుని పోయింది. చాలాసేపైంది."

ఒడెట్ పెరటి తలుపు దాకా వెళ్ళి ఆగింది. "బూడిదరంగు కోటా?"

"మంచి కోటు. పాడైపోతుందంటే వినలేదు."

ఒడెట్ పెరటి మెట్లు ఒక్క దూకులో దిగింది. "ఒడెట్, చెవులు కప్పుకోవే!" అంది తల్లి. టోపీ లాక్కుంటూనే పరిగెత్తింది. గూళ్ళ వరసల మధ్య మంచు పాలలా నిండి ఉంది. అందులోంచి నాలుగు వైపుల నుంచీ తన గొంతే. ఇదివరకు మంచు ఒక పూటకి ఒకటో రెండో మాటలు విడిచేది. ఆ రోజేం పుట్టిందో, అయిదేళ్ళదీ ఒకేసారి కుమ్మరిస్తోంది.

"అరకి పావు కలిపితే... ఆగు, ఆగు. కింది అంకెలు కలపకూడదు. ఎందుకు కలపకూడదే? ఏమో, మాస్టారు వద్దన్నాడు." అది మొదటి ఏటి గొంతు. పిల్లగొంతు. వినడానికే సిగ్గేసింది.

ఇంకో పక్కనుంచి, "తిండిపోతు దానా, నా వేలు కాదే, సీసా! వింటున్నావా? గడ్డిని పట్టి పులియబెట్టేది మొదటి పొట్ట..."

అవతలి వరస చివర ప్రూయిట్ మేడం నిలబడి ఉంది. కాళ్ళకి నానమ్మ చెప్పులు. నెత్తిన ఉన్ని టోపీ చెవులు మూసేదాకా లాక్కుని ఉంది. మెట్లు దిగుతున్నప్పుడు ఆ మాట ఆవిడ కూడా విన్నదన్నమాట. ఒక చెయ్యి ఒక దూడ నోట్లో ఉంది. తియ్యాలన్న ధ్యాస కూడా లేదు.

ఒడెట్‌కి ఒకటే భయం. మంచు తర్వాత ఏం వినిపిస్తుందో! ఈ గూళ్ళ మధ్య తను అన్నవన్నీ పాఠాలే కావు మరి. భయపడ్డట్టే అయింది. పక్క గూటి దగ్గరనుంచి కిందటి డిసెంబరు గొంతు, ముక్కు ఎగబీల్చుకుంటూ:

"వద్దన్నారే. ఎందుకో కూడా చెప్పలేదు. ఆవు ముందేదో వెనకేదో తెలియనివాళ్ళు నన్ను వద్దన్నారు! అయినా వాళ్ళననడమెందుకులే, నాకేం వచ్చని? పేడ ఎత్తడం వచ్చు. కానీ నాకు చదువుకోవాలని ఉందే, చచ్చేంత ఉంది. ఎవరికి చెప్పుకోను? తాగు, నువ్వు తాగు."

ఒడెట్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భూమి ఎందుకు చీలదో ఆమెకి ఆ క్షణాన అర్థం కాలేదు. మేడం ఇటు తిరిగి చూసింది. పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఇంకా వస్తోంది, వినమని.

వచ్చింది. ఈసారి మూడో ఏటి గొంతు, మంచి పొగరుమీద ఉంది.

"మా అన్నయ్య ఏమంటాడో తెలుసా? వరసగా నాలుగు కోడెదూడలు పుట్టాయి కాబట్టి అయిదోది పెయ్య అయి తీరుతుందిట! పందెం కూడా కాశాడు. మొన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను, ఇద్దరం తెలివైనవాళ్ళమే. ఏ ఈతకి ఆ ఈతే, ముందు ఏం పుట్టిందన్న దానితో పనిలేదు అన్నాడు మాస్టారు. లెక్క చేసి చూశాను, నిజమే. సరే, లెక్క ఒప్పుకున్నాను. మరి పెయ్యే పుడుతుందని నాకెందుకు అనిపిస్తోందే? లెక్క తెలిశాక కూడా ఎందుకు అనిపిస్తోంది? దానికి జవాబు పుస్తకంలో లేదు. మాస్టారినడిగితే నువ్వే వెతుక్కో అన్నాడు. ఏయ్, నిన్నే. ఎందుకంటావు?"

తర్వాత మంచు ఊరుకుంది. దూడలు సీసాల కోసం అరవడం మొదలుపెట్టాయి.

ప్రూయిట్ మేడం చెయ్యి విడిపించుకుని కోటుకి తుడుచుకుంది. అప్పుడు అడిగింది, నెమ్మదిగా:

"దొరికిందా జవాబు?"

ఒడెట్ వేలు దానంతటదే పెదవుల మీదికి లేచింది. సగందాకా వచ్చిన వేలుని చూసుకుంది. కిందికి దించేసింది. మంచులో దూడలతో తప్ప మనిషితో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. ఏం మాట్లాడినా అది ఇక్కడే ఉండిపోతుంది, తప్పు మాట్లాడితే ఆ తప్పూ ఉంటుంది. ఉండనీ. మొదటి ఏటి భిన్నాలు ఉండలేదూ?

"పూర్తిగా దొరకలేదండీ," అంది. ఎల్వీనో అప్పటికే నింపి పెట్టిన బండిలోంచి ఒక సీసా తీసి దూడ నోటికి అందించింది. చేతికి పని దొరికాక మాట దానంతటదే వచ్చింది. "ఆవుకి గుర్తుండదండీ, కిందటిసారి ఏ ఆవుకి ఏం పుట్టిందో. గుర్తుండేది మనకి. మనకి గుర్తుంది కాబట్టి లోకానికీ గుర్తుందనుకుంటాం. నాలుగు కోడెలు పుట్టాయన్న సంగతి ఎక్కడో రాసుకుని ఉందని, ఎవరో సరిచేస్తారని అనుకుంటాం. అక్కడే పప్పులో కాలేస్తాం."

"ఊఁ."

"అందులోనూ మా ఊరివాళ్ళకి మరీ కష్టమండీ. ఇక్కడ మంచుకి నిజంగానే గుర్తుంటుంది కదా. అందుకని మావాళ్ళు మబ్బులు కూడా గుర్తుపెట్టుకుంటాయనుకుంటారు, పాచికలు కూడా గుర్తుపెట్టుకుంటాయనుకుంటారు. పేకాటలో ఊరు ఊరంతా ఓడిపోయేది అందుకే. మా అన్నయ్య అయితే చెప్పనక్కర్లేదు. ఏది గుర్తుపెట్టుకుంటుందో, ఏది పెట్టుకోదో విడదీసి చూడటం... అదే నేను చదువుకోవాలనుకుంటున్నదండీ. పొద్దున మీకు చెప్పాలనుకున్నది అదే."

మేడం నవ్వింది. పొద్దుటి నవ్వు కాదు. "పాచికల సంగతి సరే. మరి వానలో? ఇవాళ వాన పడితే రేపు పడే అవకాశం పెరగదా? మబ్బుకి ఎంతోకొంత గుర్తున్నట్టేగా?"

"అదే మాస్టారితో నా గొడవ!" అంది ఒడెట్, ఇంచుమించు అరిచినట్టు.

ఇక పట్టపగ్గాల్లేవు. ఒక సీసా ఇటు మేడం చేతికిచ్చింది, ఒకటి తను పట్టుకుంది. వరస పొడుగునా ఇద్దరూ వాదించుకుంటూ పాలు పట్టారు. ఒకచోట మేడం తప్పు పట్టుకుంది, ఒకచోట ఒడెట్ "అలా ఎలా కుదురుతుందండీ!" అంది. ఎల్వీనో పాకలోంచి తొంగి చూసి, చెల్లెలు మంచులో గొంతెత్తి మనిషితో మాట్లాడుతుంటే బిత్తరపోయి, చేతిలో పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆఖరి గూటి దగ్గర మేడం సీసా తిరిగి ఇచ్చింది. "పొద్దున వేలెందుకు పెట్టావో ఇప్పుడు తెలిసింది. మీ మంచు సంగతి ఎవరో చెప్పారు, నేనే మర్చిపోయాను. మా సముద్రం మంచు గాలికి కొట్టుకుపోతుంది, ఏదీ దాచుకోదు. మీ పార్కింగులో ఏదో వాగాను కూడా."

"ఫరవాలేదండీ. గేటు దగ్గర మా మాస్టారి మాట ఒకటుంది. దానిముందు మీదేం లెక్క!"

"చూడు ఒడెట్. ఫలితం గురించి నీకు నేనేమీ చెప్పకూడదు. మా నిబంధన. ఏప్రిల్ దాకా ఆగాల్సిందే." అని, నానమ్మ చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటి వైపు వెళ్ళిపోయింది. ఒడెట్ ఖాళీ సీసాలు కడుగుతూ, దూరంగా కారు తలుపు చప్పుడు, ఎంతో ఆలస్యంగా కారు కదిలిన చప్పుడు విన్నది.

ఏప్రిల్ దాకా ఆగడమంటే మాటలా? నాలుగు రోజులు అన్నం సయించలేదు. చెప్పాల్సింది చెప్పానన్న తృప్తి పగలు ఉండేది, సాయంత్రానికి కరిగిపోయేది. ఫిబ్రవరి చివర, ఆ చలికాలానికి ఆఖరిదనదగ్గ మంచు దిగింది. పొద్దుటి పాలు పట్టి వచ్చి ముగ్గురూ ముందు వసారాలో కాఫీ తాగుతున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు, మాట్లాడరు కూడా. గేటు దగ్గర టపాలపెట్టె పక్కనుంచి, ఫోనులో మాట్లాడుతున్న గొంతు ఒకటి వచ్చింది.

"నేనే, ప్రూయిట్‌ని. పొద్దున హార్లన్ అమ్మాయి గురించి పంపించింది చించెయ్యండి. అవును, చించెయ్యండి. మళ్ళీ రాస్తాను. లేదు, ఇందులో ఆలోచించేదేమీ లేదు, ఆ సీటు ఈ పిల్లదే. ఎవరైనా కాదంటే నాతో మాట్లాడమనండి. ఆఁ? ఎక్కడున్నానా? దూడల దగ్గర. మళ్ళీ చెప్తాలెండి."

ఒడెట్ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. ఆ సాయంత్రం కారు పక్కనే ఉంది కదా, లోపల కూర్చుని అద్దాలు బిగించుకుని మాట్లాడొచ్చుగా ఆవిడ? మర్చిపోయి బయట నిలబడిందా, కావాలనే నిలబడిందా? ఒడెట్‌కి ఇప్పటికీ తేలలేదు.

వసారాలో ఎవరూ కిక్కురుమనలేదు. మంచులో విన్నది పైకి అనకూడదు. నానమ్మ లేచి లోపలికి వెళ్ళి, తియ్యరొట్టెలో అందరికంటే పెద్ద ముక్క కోసి తెచ్చి ఒడెట్ పళ్ళెంలో పెట్టింది. దానిమీద ఇంకో ముక్క పెట్టింది. కళ్ళు మాత్రం గేటు వైపే చూస్తున్నాయి, తడితడిగా. ఎల్వీనో కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకుని, వాళ్ళని లోపలికి రమ్మని సైగ చేశాడు. తలుపు వేశాక అన్నాడు:

"సెప్టెంబరు నుంచి దూడలకి పాలు నేనే పట్టాలేమో అనుకుంటున్నాను. ఊరికే. అలా అనిపించింది."

ఒడెట్ పళ్ళెం బల్లమీద పెట్టింది. తర్వాత అంది, "నీ దగ్గరికి రావుగా అన్నయ్యా. ఎండలో సరే. మంచు దిగాక ఏం చేస్తావు? ఈలేస్తావా?"

"ఈలెందుకే? నీ గొంతుందిగా అక్కడ. అయిదేళ్ళ పాఠాలు. నోరుమూసుకుని సీసా పట్టుకు నిలబడితే చాలు, అవే వస్తాయి." తల గోక్కున్నాడు. "రోజూ నన్ను తిట్టింది కూడా వినాలి, అదొక్కటే."

ఒడెట్ వాడి మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. నానమ్మ "రొట్టె చల్లారిపోతోంది, తర్వాత ఏడు" అంటూ తనూ ముక్కు తుడుచుకుంది.

ఏప్రిల్లో కబురు వచ్చినప్పుడు ఊరు ఊరంతా మహా ఆశ్చర్యపోయింది. గరబేడియన్ మాస్టారు "నిజంగానా!" అని గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. నానమ్మ కుర్చీలో కూలబడి మరీ ఆశ్చర్యపోయింది, కాస్త ఎక్కువే అయింది. ఊళ్ళో కొట్టువాడు ఒడెట్ ప్రయాణానికని మార్చిలోనే ఒక పెట్టె తీసి పక్కన పెట్టాడన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

అదంతా తర్వాతి మాట. ఆ ఫిబ్రవరి పొద్దున, రొట్టె రెండు ముక్కలూ తిన్నాక, ఒడెట్ ఒక సీసా నింపుకుని మళ్ళీ గూళ్ళ దగ్గరికి వెళ్ళింది. మెట్ల దగ్గర చెవులు కప్పుకుంది. మంచు పల్చబడుతోంది, ఎక్కువసేపు ఉండేలా లేదు. చివరి గూటిలో నిన్న సాయంత్రం పుట్టిన పెయ్య మూలకి నక్కి ఉంది. ఒడెట్ దాని ముందు కూర్చుంది. చెప్పాల్సింది దానికొక్కదానికే కాదు. ఇంకా పుట్టనివాటికి కూడా చెప్పాలి. అందుకని గొంతు కాస్త పెంచి, తొందరపడకుండా మొదలుపెట్టింది.

"రా, బంగారూ, రా. భయపడకు, ఇది మంచు, అంతే. నేను కనబడకపోయినా కంగారుపడకు, ఇక్కడే ఉన్నాను, చదువుకోడానికి వెళ్ళాను. సీసా పట్టుకున్నాయన మా అన్నయ్య. మంచివాడే. లెక్కలే రావు. ఆయన పందెం కాద్దామంటే మాత్రం ఒప్పుకోకు. ఏదీ, రా మరి. మొదటినుంచీ చెప్తాను, విను. అరకి పావు కలిపితే..."

తడిముక్కు ఒకటి మంచులోంచి ఇవతలికి వచ్చి సీసా అందుకుంది.